లండన్ ఆల్బర్ట్ హాల్లో ఆ సీటు ఎవరిది? 999 ఏళ్ల హక్కు నుంచి నేల టికెట్ దాకా

2025 మే 11న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో ‘ఆర్ఆర్ఆర్’ తెర మీద ఆడుతుంటే, కింద రాయల్ ఫిల్హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా దాని సంగీతాన్ని అక్కడికక్కడే వాయించింది. 2019 అక్టోబర్ 19న ‘బాహుబలి: ద బిగినింగ్’ కూడా అదే హాల్లో అలాగే ఆడింది. లతా మంగేష్కర్ 1974లో పాడిందీ, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1982లో పాడిందీ ఈ గోపురం కిందే. అందుకే లండన్ వెళ్లే తెలుగువాళ్ల జాబితాలో ఈ మధ్య ఈ హాలు పేరు కూడా చేరుతోంది.

తీరా టికెట్ల పేజీ తెరిస్తే అయోమయం మొదలవుతుంది. హాలు సొంత సైట్లో టికెట్లు అయిపోయాయని ఉంటుంది. అదే కచేరీకి ఇంకో సైట్లో నాలుగింతల ధరకు సీట్లు దొరుకుతుంటాయి, అవి దొంగ టికెట్లు కూడా కావు. ఇదే హాల్లో వేసవి వచ్చిందంటే ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలను 8 పౌండ్లకే (2024 ధర) వినొచ్చు, కాకపోతే నిలబడి. మధ్యలో పత్రికల్లో ‘సీట్ల యజమానులు’, ‘పార్లమెంటు బిల్లు’ అంటూ వార్తలు. వీటన్నిటికీ మూలం ఒక్కటే. 150 ఏళ్ల కిందట ఈ హాలు కట్టడానికి డబ్బు ఎలా పోగు చేశారన్నదే ఆ మూలం.

వంద పౌండ్లిస్తే వెయ్యేళ్లకు ఒక్క ఏడు తక్కువ

1851లో లండన్లో గ్రేట్ ఎగ్జిబిషన్ అనే మహా ప్రదర్శన జరిగింది. దాని వెనక ఉన్నది విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్. ప్రదర్శనలో మిగిలిన లాభంతో సౌత్ కెన్సింగ్టన్‌లో పెద్ద స్థలం కొన్నారు. అక్కడ మ్యూజియాలు, కళాశాలలు, వాటి మధ్య ఒక పెద్ద సభా మందిరం రావాలన్నది ఆల్బర్ట్ కల. అది తీరకుండానే 1861లో ఆయన కన్నుమూశాడు. హాలు పని భుజాన వేసుకున్న హెన్రీ కోల్ అనే అధికారి దగ్గర స్థలం ఉంది, ప్లాను ఉంది. లేనిదల్లా డబ్బే.

ఆయన పట్టిన ఉపాయం ఇప్పటి అపార్ట్‌మెంట్ బిల్డర్లు చేసే పని లాంటిది. కట్టకముందే అమ్మేయడం. అయితే ఫ్లాట్లు కాదు, సీట్లు. ఒక్కో సీటు 100 పౌండ్లు. కొన్నవాళ్లకు 999 ఏళ్ల పాటు ఆ సీటు మీద హక్కు. పిల్లలకు రాసివ్వొచ్చు, అమ్ముకోవచ్చు. విక్టోరియా రాణి స్వయంగా 20 సీట్లు కొన్నది.

లెక్క చూడండి. సుమారు 1,300 సీట్లు అమ్ముడయ్యాయి. సీటుకు 100 చొప్పున 1,30,000 పౌండ్లు. హాలుకు మొత్తం అయిన ఖర్చు దాదాపు 2,00,000 పౌండ్లు. అంటే మూడింట రెండొంతుల డబ్బు ముందే కొన్న ప్రేక్షకుల జేబుల్లోంచి వచ్చింది. మిగతాదానికి ఎగ్జిబిషన్ లాభాలు చూసే కమిషన్ 50,000 పౌండ్లు ఇచ్చింది, స్థలమూ అదే ఇచ్చింది. ఆ స్థలానికి ఏడాదికి అద్దె ఒక షిల్లింగు, అదీ 999 ఏళ్ల లీజు మీదే.

1867లో రాణి శంకుస్థాపన చేస్తూ, ‘సెంట్రల్ హాల్’ అని అనుకున్న పేరుకు భర్త పేరు చేర్చింది. 1871 మార్చి 29న హాలు తెరుచుకుంది. సీటు హక్కులను 1867 నుంచి లెక్కేస్తే గడువు 2866లో తీరుతుంది. ఆ రోజున సీటు ఖాళీ చేయమని ఎవరు ఎవరికి నోటీసు ఇస్తారో గానీ, ప్రస్తుతానికి హక్కు చెక్కుచెదరలేదు.

‘మెంబర్’ అంటే క్లబ్బు సభ్యుడు కాదు

ఇక్కడ రెండు మాటలు విడదీసి చూసుకోవాలి. ఈ హాలు విషయంలో ‘మెంబర్’ అంటే ఏటా రుసుము కట్టి కార్డు తెచ్చుకున్నవాడు కాదు, సీటు మీద ఆస్తి హక్కు ఉన్నవాడు. డబ్బిచ్చి డిస్కౌంటు, ముందస్తు బుకింగు పొందేవాళ్లు వేరే. వాళ్లను ‘ఫ్రెండ్స్’ అంటారు. పత్రికల్లో గొడవంతా మెంబర్ల గురించే.

హాల్లో ఇప్పుడు సుమారు 5,270 మంది పడతారు. అందులో 1,200కి పైగా సీట్లు మెంబర్లవి, మెంబర్లు మూడు వందల పైచిలుకు. అంటే దాదాపు ప్రతి నాలుగు సీట్లలో ఒకటి మామూలు అమ్మకానికి పుట్టుకతోనే రాదు. చుట్టూ అంతస్తులుగా కనిపించే బాక్సులు, వాటి కింద వరుసలైన స్టాల్స్‌లోని చాలా కుర్చీలు వీళ్లవే. మొదట్లో కొన్న కుటుంబాల వారసులు కొందరైతే, ఈ మధ్య మార్కెట్లో కొన్నవాళ్లు మరికొందరు, సంస్థలు ఇంకొన్ని. బాక్సులు ఇప్పుడు లక్షల పౌండ్లు పలుకుతున్నాయి. కాబట్టి ‘మా ముత్తాత వంద పౌండ్లు పెట్టాడు’ అనే కథ అందరికీ వర్తించదు. నిన్నగాక మొన్న పెద్ద మొత్తం పెట్టి కొన్నవాడికి ఆ సీటు జ్ఞాపకం కాదు, పెట్టుబడి.

హక్కుంది కదా అని ఏడాదిలో ప్రతి కార్యక్రమానికీ వెళ్లి కూర్చోవడం కుదరదు. కొన్ని రోజులు హాలు మొత్తాన్నీ నిర్వాహకులకే అప్పగించేస్తారు. ఆ రోజుల్లో మెంబర్ల సీట్లు కూడా మామూలు అమ్మకంలోకి వస్తాయి. దీన్ని ‘ఎక్స్‌క్లూజివ్’ అంటారు. 1966 నాటి చట్టం దీనికి దారి ఇచ్చింది. స్థూలంగా మూడింట రెండొంతుల రోజులు మెంబర్ల హక్కు నడుస్తుంది, మిగతా రోజులు నడవదు. దీనికి తోడు మెంబర్లు సీటుకు ఇంత అని హాలుకు ఏటా చందా కడతారు. ఊరికే అనుభవిస్తున్నారనే మాట పూర్తిగా నిజం కాకపోవడానికి కారణం ఇదే.

అందుకే ఒక కచేరీకి సీటింగ్ మ్యాపులో బాక్సులు నిండుగా అమ్మకానికి కనబడతాయి, ఇంకో కచేరీకి అవే బాక్సులు మొదటి రోజు నుంచే బూడిద రంగులో ఉంటాయి. అభిమానులు ఎగబడి కొనేయడం వల్ల కాకపోవచ్చు. అవి అమ్మకానికే రాలేదేమో.

ఒకే బాక్సు, మూడు దారులు

తగువు ఎక్కడుందో తెలియాలంటే ఒక ఊహా లెక్క వేసుకుందాం. పేరున్న గాయకుడి కచేరీ, టికెట్ మీద ధర 80 పౌండ్లు. ఒక మెంబరుకు పై అంతస్తులో ఐదు సీట్ల బాక్సు ఉంది. అది ఎక్స్‌క్లూజివ్ రోజు కాదు.

మొదటి దారిలో ఆయన కుటుంబంతో వచ్చి కూర్చుంటాడు. పైసా మారదు. హాలు కట్టినప్పుడు అందరూ ఊహించుకున్నది ఇదే.

రెండో దారిలో, రావడం కుదరక టికెట్లు హాలుకే తిరిగిస్తాడు. హాలు నడిపే ‘టికెట్ రిటర్న్’ పద్ధతి ఇది. హాలు వాటిని 80 చొప్పున జనానికి అమ్మి, తన ఖర్చు కొంత కోసుకుని మిగతాది మెంబరుకు ఇస్తుంది. 400 పౌండ్లలో చాలా భాగం ఆయనకు, కాస్త హాలుకు. కొన్నవాడికి సరైన ధరకే సీటు.

మూడో దారిలో అదే టికెట్లను రీసేల్ సైట్లో 400 చొప్పున పెడతాడు. అమ్ముడైతే 2,000 పౌండ్లు. రెండో దారి కంటే 1,600 ఎక్కువ. ఆ 1,600లో పాడినవాడికి ఏమీ రాదు, హాలుకు ఏమీ రాదు, కచేరీ పెట్టిన సంస్థకూ రాదు. అది ఏ క్యాన్సర్ పిల్లల కోసమో విరాళాలకు పెట్టిన కచేరీ అయినా లెక్క మారదు. నిజంగానే విరాళాల కచేరీల టికెట్లు రీసేల్లో భారీ ధరలకు కనబడ్డప్పుడే ఈ విషయం బ్రిటన్ పత్రికల మొదటి పేజీలకు ఎక్కింది.

మన సినిమా హాళ్ల దగ్గర బ్లాకులో టికెట్లమ్మేవాడికీ ఈ మెంబరుకూ తేడా ఏమిటని అడగొచ్చు. తేడా ఉంది. బ్లాకువాడు కౌంటర్లో కొన్నదాన్ని అమ్ముతాడు. మెంబరు తన ఆస్తిలోంచి వచ్చినదాన్ని అమ్ముతున్నాడు, చట్టం ఆపడం లేదు. క్యూలో నిలబడి ఉత్తచేతులతో వెళ్లిపోయిన అభిమానికి మాత్రం ఈ తేడా ఓదార్పు కాదు.

ఎవరి వాదన ఎంత బలం

మెంబర్ల వైపు మాట తేలిగ్గా కొట్టేసేది కాదు. వాళ్ల డబ్బు లేకపోతే హాలే లేదు. ఇది మామూలు రోజుల్లో ప్రభుత్వ గ్రాంటు మీద నడిచే సంస్థ కాదు, టికెట్లు, అద్దెలు, విరాళాలు, మెంబర్ల చందాలతో నెగ్గుకొస్తుంది. కోవిడ్ కాలంలో మూతపడినప్పుడు ప్రభుత్వం ఇచ్చింది కూడా అప్పే. రాసిచ్చిన ఆస్తి హక్కును 150 ఏళ్ల తర్వాత నీతి పేరు చెప్పి కుదిస్తే ఇంకే ఒప్పందానికి విలువ ఉంటుంది? ఇదీ వాళ్ల ప్రశ్న.

విమర్శకులకు రీసేల్ ధరలు రెండో విషయం. మొదటిది, ఈ హాలు 1967 నుంచి నమోదైన చారిటీ. చారిటీకి పన్ను మినహాయింపులుంటాయి, బదులుగా అది జనం మేలు కోసం పనిచేయాలి. దాన్ని నడిపే కౌన్సిల్లో ఎక్కువమంది సీట్ల యజమానులే, వాళ్లను ఎన్నుకునేదీ సీట్ల యజమానులే. ఏ రోజులు ఎక్స్‌క్లూజివ్, చందా ఎంత అనే నిర్ణయాలు తీసుకునేది ఈ కౌన్సిలే. ఆ నిర్ణయాలు సొంత సీట్ల విలువను పెంచేవో తగ్గించేవో అవుతాయి. ఇంగ్లండ్‌లో చారిటీలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ ఏళ్లుగా ఎత్తిచూపుతున్నది ఈ ముడినే. పంచాయితీ పెద్దే కక్షిదారు అయితే తీర్పు న్యాయంగా ఉన్నా నమ్మకం కుదరదు కదా.

నాకైతే కౌన్సిల్ గురించిన ఈ వాదనే గట్టిగా కనిపిస్తుంది. ఎక్కువ ధరకు అమ్ముకోవడం తప్పా కాదా అన్నది తేలే తగువు కాదు. నియమం రాసేవాడే లాభం పొందేవాడు కాకూడదన్నది మాత్రం ఏ సంస్థకైనా మామూలు సూత్రమే. అలాగని మెంబర్లందరినీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. సీట్లు వాడుకునేవాళ్లు, రిటర్న్ పద్ధతిలోనే ఇచ్చేసేవాళ్లు వాళ్లలో ఉన్నారు.

పార్లమెంటు దాకా ఎందుకు వెళ్లింది

హాలు రాయల్ చార్టర్ (రాచరికం ఇచ్చిన అధికార పత్రం) మీద, ప్రత్యేక చట్టాల మీద నడుస్తుంది. నియమం మార్చాలంటే కౌన్సిల్ తీర్మానం చాలదు, పార్లమెంటు కావాలి. 2022 చివర్లో హాలే ముందుకొచ్చి ఒక బిల్లు పెట్టింది. ఇది ప్రభుత్వ బిల్లు కాదు, ఒక సంస్థ తన అవసరం కోసం పెట్టుకునే ప్రైవేటు బిల్లు. మెంబర్ల చందా నిర్ణయించడం, వాళ్లను పక్కనపెట్టే రోజులను ఖరారు చేయడం, వీటికి ఆచరణలో నడుస్తున్న పద్ధతిని చట్టబద్ధం చేయడం అందులో ముఖ్య ఉద్దేశాలు.

కానీ పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో చర్చ వేరే దారి పట్టింది. చేయి ఎలాగూ పెట్టాం కాబట్టి అసలు జబ్బునూ చూద్దామన్నారు కొందరు సభ్యులు. మెంబరు తన సీటు అమ్మదలిస్తే రిటర్న్ పద్ధతిలోనే అమ్మాలన్న షరతు చుట్టూ చర్చ తిరిగింది. పై లెక్కలో చెప్పాలంటే, మూడో దారి మూసేసి మొదటి రెండూ ఉంచడం. హాలు దీన్ని హక్కు మీద దెబ్బగా చూసింది. తలుపు బోల్టు సరిచేయమని పిలిస్తే వడ్రంగి ఇల్లంతా చూసి పునాది గురించి మాట్లాడినట్టయింది హాలు పని.

పావు సెకను ఆలస్యం: ఏ సీట్లో ఏం వినబడుతుంది

సీటు దొరికాక వచ్చే ప్రశ్న వేరు. ఈ హాలు చూడడానికి ఎంత అందమో, వినడానికి అంత తంటా తెచ్చింది. కట్టినవాళ్లు సైన్యంలోని ఇంజినీర్లు, ఫౌక్, స్కాట్. కోడిగుడ్డు ఆకారంలో గోడలు, పైన ఇనుము, గాజుతో భారీ గోపురం. దాని ఇనుప చట్రాన్ని ముందు మాంచెస్టర్లో బిగించి చూసి, విప్పి, లండన్ తెచ్చి మళ్లీ బిగించారు. కింద ఊతలు తీసేసిన రోజున గోపురం కూలుతుందేమోనని అంతా ఊపిరి బిగబట్టారు. అది దిగింది 8 మిల్లీమీటర్లు, అంతే.

ఇంజినీరింగులో నెగ్గింది గానీ, ప్రారంభోత్సవం నాడే శబ్దం చెయ్యిచ్చింది. దుఃఖంతో రాణి మాట్లాడలేకపోతే, కొడుకు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ హాలు తెరిచినట్టు ప్రకటించాడు. ఆయన చదివిన ప్రసంగాన్ని ప్రతిధ్వని వెక్కిరిస్తున్నట్టు తిరిగి చదివిందని అప్పటి పత్రిక రాసింది.

కారణం చిన్న లెక్క. గోపురం నేల నుంచి దాదాపు 41 మీటర్ల ఎత్తు. శబ్దం పైకెళ్లి కిందికి రావాలంటే 82 మీటర్లు. సెకనుకు 343 మీటర్ల వేగంతో అది 0.24 సెకన్లు, అంటే పావు సెకను. వెనక్కొచ్చిన శబ్దం సెకనులో ఇరవయ్యో వంతు లోపు చేరితే మన చెవి దాన్ని అసలు శబ్దంలో కలిపేసుకుంటుంది. అంతకు మించి ఆలస్యమైతే విడిగా ఇంకోసారి వినిపించే అవకాశం ఉంది. పావు సెకనంటే దానికి ఐదింతలు. పైగా గోపురం లోపలి గుంత, టార్చి లైటు వెనకుండే అద్దంలా, శబ్దాన్ని చెదరనివ్వకుండా పోగుచేసి కొన్ని చోట్లకే పంపుతుంది. బ్రిటిష్ స్వరకర్తలకు తమ కృతి రెండోసారి వినే భాగ్యం ఈ హాల్లోనే దక్కుతుందని పాత జోకు ఒకటుంది.

మొదట గోపురం కింద గుడ్డ పందిరి కట్టారు. 1949లో దాన్ని తీసేసి గాజు కింద అల్యూమినియం పలకలు బిగించారు. 1969లో పైనుంచి ఫైబర్ గ్లాసు పళ్లేలు వేలాడదీశారు. ఇప్పుడు తలెత్తితే బోర్లించిన పుట్టగొడుగుల్లా కనిపించేవి అవే. శబ్దం పైదాకా పోకముందే వాటికి తగిలి చెదిరిపోతుంది. మొదట 135 ఉండేవి, 2001లో సర్ది 85 చేశారు. మైకులతో నడిచే కచేరీల కోసం 2019లో 460కి పైగా స్పీకర్లతో కొత్త వ్యవస్థ పెట్టారు. బాక్సుల్లో, పై అంతస్తుల్లో కూర్చున్నవాళ్లకు దగ్గర్లోని స్పీకరు నుంచే శబ్దం వచ్చేలా వాటిని హాలంతా పంచారు.

టికెట్ ధర ముఖ్యంగా చూపును బట్టి ఉంటుంది, వినికిడిని బట్టి కాదు. గుండ్రటి హాలు కాబట్టి పక్క బాక్సుల్లో వెనక కుర్చీకి వేదిక సగమే కనిపించొచ్చు. ‘రెస్ట్రిక్టెడ్ వ్యూ’ అని రాసిన టికెట్ సినిమాతో కూడిన కచేరీకి నష్టం, వట్టి ఆర్కెస్ట్రాకు అంత నష్టం కాదు. గుమ్మాలు 12, టికెట్ మీద ఏ గుమ్మమో ఉంటుంది. పొరపాటున ఇంకో గుమ్మంలోంచి వెళ్తే వంపు తిరిగిన కారిడార్లో అంకెలు చూసుకుంటూ హాలు చుట్టూ ప్రదక్షిణ చేయాల్సిందే. సౌత్ కెన్సింగ్టన్ మెట్రో స్టేషన్ నుంచి నడక పదిహేను నిమిషాల లోపే.

నేల టికెట్ మాత్రం ఇంకా ఉంది

సీటు ఆస్తిగా మారిన ఈ హాల్లోనే సీటు లేని టికెట్‌కు ఇంత గౌరవం ఉండడం తమాషా. ఆ సంప్రదాయం ఇక్కడ పుట్టలేదు, అద్దెకొచ్చింది. 1895లో క్వీన్స్ హాల్ అనే వేరే చోట రాబర్ట్ న్యూమన్ అనే మేనేజరు, హెన్రీ వుడ్ అనే కండక్టరు కలిసి ‘ప్రామ్స్’ అనే కచేరీల వరుస మొదలుపెట్టారు. కుర్చీలు తీసేసి, షిల్లింగు టికెట్ పెట్టి, నడుస్తూ తింటూ వినొచ్చన్నారు. శాస్త్రీయ సంగీతం డబ్బున్నవాళ్ల సొత్తు కాకూడదన్నది న్యూమన్ పట్టుదల. 1927లో నిర్వహణ బీబీసీ చేతికి వచ్చింది. 1941 మే 10 రాత్రి జర్మన్ బాంబులకు క్వీన్స్ హాల్ కాలిపోతే, ఆ వేసవిలో ప్రామ్స్ ఆల్బర్ట్ హాలుకు మారాయి. అప్పటి నుంచి వాటి ఇల్లు ఇదే.

వేసవిలో ఎనిమిది వారాలు. వేదిక ముందున్న అరీనాలో కుర్చీలుండవు, అంతా నిలబడేవాళ్లే. పైన గోపురం అంచున గ్యాలరీలోనూ అంతే. 2024లో ఈ టికెట్ 8 పౌండ్లు, చాలావరకు ఆ రోజే అమ్ముతారు. పక్కనే స్టాల్స్‌లో కూర్చున్నవాడు దానికి ఎన్నో రెట్లు పెట్టి ఉంటాడు, కానీ వయొలిన్ల ముందు నిలబడ్డది 8 పౌండ్లవాడే. మన టూరింగ్ టాకీసుల్లో తెరకు దగ్గరగా కూర్చున్నది నేల టికెట్‌వాళ్లే కదా, వాళ్లకు తల వెనక్కి వంచి చూసే బాధ ఉండేది. ఇక్కడ కాళ్ల నొప్పులు మాత్రమే.

ఏటా వచ్చే నేలవాళ్లకు సొంత ఆచారాలున్నాయి. పియానో కచేరీ ఉన్న రోజున సిబ్బంది ఇద్దరు వేదిక మీదికొచ్చి ఆ నల్లటి పెద్ద మూత మీద చెయ్యి వేస్తారు. వెంటనే అరీనాలోని జనం ‘హీవ్!’ అని అరుస్తారు, బండరాయి లాగేటప్పుడు మనం ‘ఐలేసా’ అంటామే, అలాగ. గోపురం అంచున నిలబడ్డ గ్యాలరీవాళ్లు పైనుంచి ‘హో!’ అని అందుకుంటారు. మధ్యలో అంతస్తులుగా ఉన్న బాక్సులవాళ్లు నవ్వుకుంటూ చూస్తారు. మూత లేస్తుంది.